మున్సిపల్ పాలకవర్గాన్ని ముందుగా ఏది అడగాలి: జ్వరాల సంగతా, ఇళ్ల సంగతా, పాత బజారు సంగతా?

ప్రశ్న: పాతబజారు వాసి

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలోని ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పుకొనే ఇబ్బందులను ఫలానా వారి నెత్తిన రుద్దడం నా ఉద్దేశం కాదు, పైగా ఇవి మా ఒక్క ఊరికే ఉన్నాయని నేను అనుకోను. మా వీధి సంఘంలో ముప్పై ఆరు ఇళ్లున్నాయి. మున్సిపల్ ఎన్నికలు ఎప్పుడు జరిగినా, గెలిచి చైర్‌పర్సన్ కుర్చీలో కూర్చొనే వారి చేతికి ఇవ్వడానికి ఒక వినతిపత్రం సిద్ధం చేసి పెట్టుకుందామని రెండు ఆదివారాలు సమావేశమయ్యాం. రెండుసార్లూ టీ తాగి, ఒకరి మీద ఒకరు గొంతు పెంచి, ఒక్క వాక్యమైనా రాయకుండానే లేచి వచ్చాం. ఏది ముందు అడగాలన్న దగ్గరే మాలో మూడు పక్షాలు తేలాయి.

మొదటి పక్షం వారిది జ్వరాల బాధ. మాకు కుళాయి నీళ్లు నాలుగు రోజులకొకసారి, అదీ తెల్లవారుజామున వస్తాయి. వానలు మొదలైనప్పటి నుంచి దీపావళి దాటేదాకా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు మంచం పట్టి ఉంటారు. కిందటేడు మా వరుసలోని పదకొండు ఇళ్లలో నాలుగు ఇళ్ల వారు ప్లేట్‌లెట్లు పడిపోయాయని ఆసుపత్రి పాలయ్యారు. ల్యాబులో కార్డు పరీక్ష చేసి డెంగీ అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకెళ్లి చూపిస్తే అది లెక్కలోకి రాదన్నారు. తరువాత ఒక సాయంత్రం పొగ బండి వచ్చి వీధంతా తెల్లగా చేసి వెళ్లింది. పిల్లలు దాని వెనక కేరింతలు కొడుతూ పరుగెత్తారు. అంతటితో సరి.

రెండో పక్షం వారు అద్దె ఇళ్ల వారు. వారిలో ఐదారు కుటుంబాలకు ఊరికి ఐదు కిలోమీటర్ల అవతల సెంటు చొప్పున స్థలం పట్టాలు వచ్చాయి. సెంటంటే నలభై ఎనిమిది గజాల చిల్లర. ఒకాయన పునాది వేసి ఆగిపోయాడు, ఇంకొకాయన శ్లాబు దాకా వచ్చి అప్పు పుట్టక నిలిచిపోయాడు, మిగతా స్థలాల్లో సర్కారు తుమ్మ మొలిచింది. గట్టి వాన పడితే ఆ లేఅవుట్‌కు పోయే దారే కనిపించదు. నెలనెలా అద్దె కట్టలేకపోతున్నాం, ముందు ఇల్లు తేల్చండి, దోమల సంగతి తరువాత చూద్దాం అని వారి వాదన.

మూడో పక్షంలో నేనూ ఉన్నాను కనుక నా మాటకు కొంత పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. పాత బజారులో మాకు తాతల నాటి కొట్టు ఉంది. బస్టాండు ఊరి చివరికి మారిన తరువాత పల్లెల నుంచి వచ్చే బేరం అటే దిగి అటే వెళ్లిపోతోంది. కూరగాయల మార్కెట్టు, చేపల మార్కెట్టు ఒకే కాలువను ఆనుకొని ఉన్నాయి. ఆడవారికి మరుగుదొడ్డి లేదు. సాయంత్రం ఆరు దాటితే దీపాలు వెలగవు. రోడ్డు వెడల్పు చేస్తారని పదేళ్లుగా గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేసి ఉన్నాయి గనుక కొట్టుకు సున్నం వేయడానికి కూడా ఎవరికీ మనసు ఒప్పడం లేదు. బజారు నిలబడితేనే మున్సిపాలిటీకి ఆశీళ్లు, అద్దెలు, పన్నులు వస్తాయనీ, ఆ డబ్బు ఉంటేనే తక్కినవి జరుగుతాయనీ నా వాదన.

నేను అడిగేది రెండు విషయాలు. ఈ మూడింటిలో ఏది ముందు? అసలు ఇవి కౌన్సిల్ చేతిలో ఉన్నవేనా, లేక మనం తలుపు లేని ఇంటి ముందు నిలబడి తాళం అడుగుతున్నామా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


సమాధానం: విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్, నెల్లూరు జిల్లా

పాతబజారు వాసి గారికి నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా ఇదే పనిలో నాలుగు మున్సిపాలిటీలు తిరిగినవాడిని. మీరు చకచకా దాటేసిన ఒక వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను: కుళాయి నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తాయన్నది. జ్వరాల పక్షం వారి కష్టానికి మొదలు ఆ వాక్యంలోనే ఉంది.

లెక్క వేద్దాం. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, అది లేని చోట 70 లీటర్లు ఇవ్వాలని తాగునీటి ఇంజనీర్లు పాటించే ప్రమాణం. చిన్న లెక్కే తీసుకున్నా, ఐదుగురున్న ఇంటికి రోజుకు 350 లీటర్లు, నాలుగు రోజులకు 1,400 లీటర్లు. అంటే రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములు ఏడు. సంపు కట్టుకోగలిగిన వారు సంపులో పట్టుకుంటారు. లేనివారు డ్రమ్ములు, బిందెలు, సిమెంటు తొట్లు, చివరికి పాత ఫ్రిజ్ డొక్కులో కూడా పట్టుకుంటారు. నేను కళ్లారా చూశాను.

డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగునీరు అక్కరలేదు, ఇలా ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లే కావాలి. ఉదయం తొమ్మిది గంటలకు మీ వీధిలో ఏ డ్రమ్ము మీద కట్టిన గుడ్డనైనా విప్పి, టార్చి వేసి, తెల్లటి గరిటెతో పైపైన నీరు ముంచి చూడండి. వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయే సన్నని పోగుల వంటివి కనిపిస్తే అవే లార్వాలు. గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది కనుకనే వారానికొకసారి, శుక్రవారం, పాత్రలన్నీ బోర్లించి ఆరబెట్టమని డ్రైడే పెట్టారు. అయితే గుడ్లు నీటిలో తేలవు. నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము గోడకు అంటుకొని ఉంటాయి, నెలల తరబడి ఎండిపోయి ఉండి కూడా మళ్లీ నీరు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి వంచడం చాలదు, పీచు పెట్టి గోడలు తోమాలి. పీచు ముక్క ఖరీదు ఎంత, పొగ బండి డీజిల్ ఖరీదు ఎంత!

పొగ బండి గురించి రెండు మాటలు. ఆ పొగ ఎగురుతున్న దోమను మాత్రమే చంపుతుంది, నీటిలో ఉన్న లార్వాను ఏమీ చేయదు. ఏడిస్ కుట్టేది ఎక్కువగా పగటిపూట, ఇళ్లలో మంచాల కింద, బట్టల మాటున దాక్కునే రకం. బండి వచ్చేది సాయంత్రం, వీధిలోకి. ఇక కాలువల్లో చల్లే మందులు, వేసే ఆయిల్ బాల్స్ మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమకు పనికివస్తాయి. అవీ చేయాలి, కానీ కాలువలో ఆయిల్ వేసి డెంగీ తగ్గలేదని వాపోవడం కాలు విరిగితే చేతికి కట్టు కట్టినట్టే ఉంటుంది.

కార్డు పరీక్ష సంగతి కూడా చెబుతాను. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్1 (రక్తంలో వైరస్ ప్రొటీన్‌ను వెతికేది), ఆ తరువాత అయితే ఐజీఎం (ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాన్ని వెతికేది), ఈ రెండింటినీ ఎలీసా అనే ప్రయోగశాల పద్ధతిలో చేసినప్పుడే ప్రభుత్వం డెంగీగా లెక్కిస్తుంది. లెక్కకెక్కని జ్వరం ఉన్న వీధికి సిబ్బంది రారు. కనుక మీవారు ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, రక్త నమూనా ఎలీసా పరీక్షకు పంపించమని ఏఎన్‌ఎం గారిని ఆ రోజే అడగండి.

డెంగీ ఒక్కటే కాదు. నీళ్లు రాని మూడు రోజులూ పైపులో ఒత్తిడి ఉండదు. పైపు ఎక్కడైనా మురుగుకాలువలో నుంచి వెళ్తుంటే, అతుకు దగ్గర సందు ఉంటే, ఎవరైనా కుళాయికి మోటారు బిగించి లాగుతుంటే, కాలువ నీరు లోపలికి పీల్చుకుపోతుంది. వాంతులు, విరేచనాలతో వీధి మొత్తం పడకేసిన ప్రతిసారీ మేము మొదట వెతికింది ఆ అతుకునే. చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర ఎంత కలిపారన్నది కాదు, చివరి ఇంట్లో ఎంత మిగిలిందన్నది లెక్క.

రోజూ నీళ్లివ్వమని అడగవచ్చు, కానీ మీది ఒంగోలు వంటి పెద్ద ఊరు కూడా నాగార్జునసాగర్ కుడికాలువ నీటిని వేసవి చెరువుల్లో నింపుకొని సర్దుకోవలసిన జిల్లా. నేనైతే ముందుగా ఉన్న నీటినే రెండు రోజులకొకసారి, తక్కువసేపు, అందరికీ ఒకే వేళకు వదలమని అడుగుతాను. అదే నీరు, ఏడు డ్రమ్ములు మూడున్నర అవుతాయి.


సమాధానం: పొదుపు సంఘం రిసోర్స్ పర్సన్ (ఆర్పీ), నెల్లూరు

ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారం. మీరు రాసినది చదివి నేర్చుకున్నాను, అయినా ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. డ్రమ్ము తోమమని చెప్పడానికి మా ఇళ్లకు వచ్చే వారందరూ ఆడవారితోనే చెబుతారు. నాలుగు రోజులకొకసారి వచ్చిన నీళ్లతో ఐదుగురి బట్టలు ఉతికి, వంట చేసి, మళ్లీ ఆ నీళ్లనే వంచి పారబోయమంటే ఏ ఇల్లాలి చేయి ఆడుతుంది? మీరే చివర్లో రెండు రోజులన్నారు కనుక సరిపోయింది. లేకపోతే తప్పంతా మా పీచు ముక్క మీదకే వచ్చేది.

ఇళ్ల పక్షం వారి తరఫున మాట్లాడతాను. మేము మొదట పెన్నా నది పొర్లుకట్ట (వరద గట్టు) దిగువన రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదిలినప్పుడు మాకు మిగిలింది ఒక ట్రంకు పెట్టె, పిల్లల ఆధార్ కార్డులు, అంతే. తరువాత మాకు మూడో అంతస్తులో 365 చదరపు అడుగుల ఇల్లు వచ్చింది. మంచి గోడలు, మంచి కిటికీలు, సొంత మరుగుదొడ్డి. తాళం చేతికి వచ్చిన రోజు మా అత్తగారు గడపకు పసుపు రాసి, దాని ముందే కూర్చొని ఏడ్చారు.

ఆ తరువాత సంగతి ఎవరూ అడగరు కనుక చెబుతున్నాను. నేను నాలుగు ఇళ్లలో పని చేసుకునేదాన్ని. కొత్త ఇంటి నుంచి ఆ ఇళ్లకు రెండు ఆటోలు మారాలి, పోను రాను ఆటోలకే ఒక ఇంటి జీతం పోయింది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. లిఫ్టు లేని నాలుగు అంతస్తుల కట్టడంలో మూడో అంతస్తు అంటే ఆవిడ కిందికి దిగడం పండుగ నాడే. నీళ్లు పైకి ఎక్కించే మోటారు కాలిపోతే, బాగుచేయించే డబ్బు ఎవరు వేసుకోవాలని ముప్పై రెండు ఇళ్ల వారు పదిహేను రోజులు తర్జనభర్జన పడ్డాం. ఆ పదిహేను రోజులు మూడో అంతస్తులో కూడా డ్రమ్ములే. ఇద్దరు ముగ్గురు ఇల్లు అద్దెకిచ్చి మళ్లీ పొర్లుకట్ట దగ్గరికే వెళ్లిపోయారు. వారిని తిట్టేవారు ఉన్నారు. నాకు తిట్టబుద్ధి కాలేదు.

కాబట్టి ఇళ్లు తేల్చండి అని మాత్రం అడగవద్దు. తాళం ఇచ్చే రోజుకు బస్సు వస్తుందా, రేషన్ డిపో, అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రం ఎంత దూరంలో ఉంటాయి, మోటారు కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుంది, ఇవి అడగండి. మీ ఊళ్లో సెంటు స్థలాల వారికి అన్నిటికన్నా ముందు కావలసింది ఆ లేఅవుట్‌కు వానలో కూడా నడిచే దారి, వాన నీరు బయటికి పోయే కాలువ. దారి ఉంటే ఇటుకల ట్రాక్టరు వస్తుంది. ట్రాక్టరు వస్తే ఆగిపోయిన ఇళ్లలో సగం వాటంతటవే లేస్తాయి. దూబగుంట ఆడవారు సారా కొట్లు మూయించిన జిల్లా మాది, నీళ్లు వదిలే వాల్వు తిప్పే వేళ మార్పించడం అంత పెద్ద పని ఏమీ కాదు. మీ సమావేశాల్లో ఆడవారు ఎంతమంది కూర్చున్నారో మీరు రాయలేదు.


సమాధానం: కావలి నుంచి ఒకడు

పెద్దలు ఇంత వివరంగా రాస్తుంటే అడ్డు తగులుతున్నందుకు క్షమించాలి. చైర్‌పర్సన్‌ను జనం నేరుగా ఎన్నుకోరు, కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. పథకాల డబ్బు పైనుంచి వస్తుంది, టెండర్లు పైనుంచి వస్తాయి, కమిషనర్ బదిలీ కూడా పైనుంచే వస్తుంది. ఎన్నికైన కౌన్సిల్ లేకుండా స్పెషల్ అధికారి పాలనలో ఏళ్లు గడిచిన ఊళ్లు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. అక్కడ కూడా చెత్త ఎత్తారు, దీపాలు వేశారు. అలాంటప్పుడు ఈ వినతిపత్రం చైర్‌పర్సన్‌కు ఇచ్చే కన్నా నేరుగా ఎమ్మెల్యే గారికి ఇవ్వడమే దగ్గరి దారి కాదా?


సమాధానం: మాజీ కౌన్సిలర్, ప్రకాశం జిల్లా

కావలి తమ్ముడి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పద్దెనిమిది అంశాలున్నాయి. నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధి, పట్టణ ప్రణాళిక అన్నీ వాటిలో ఉన్నవే. ఆచరణలోకి వచ్చేసరికి పెద్ద పైపులైన్లు పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ శాఖ వేస్తుంది, అపార్టుమెంటు ఇళ్లు పట్టణాల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థ టిడ్కో కడుతుంది, స్థలాల్లోని ఇళ్లు గృహనిర్మాణ సంస్థ చూస్తుంది. కట్టడం అయ్యాక నిర్వహణ మాత్రం మున్సిపాలిటీ మెడకు చుట్టుకుంటుంది. అంటే కొత్తది కట్టే అధికారం కౌన్సిల్‌కు తక్కువ, ఉన్నదాన్ని నడిపే బాధ్యత మాత్రం పూర్తిగా దానిదే. పాతబజారు వాసి గారు, మీ మూడు పక్షాల కోరికలనూ జాగ్రత్తగా చూడండి. వాల్వు వేళ, పూడిక, లేఅవుట్ దారి, మార్కెట్ కాలువ, దీపాలు: ఇవన్నీ నడపడానికి సంబంధించినవే. తలుపు ఉన్న ఇంటి ముందే నిలబడ్డారు.

డబ్బు సంగతి. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు ఇచ్చిన నిధుల్లో 30 శాతం తాగునీరు, వాన నీటి నిలవ వంటి వాటికి, మరో 30 శాతం పారిశుధ్యం, చెత్త నిర్వహణకు కట్టుబడి ఉండాలని షరతు పెట్టింది. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది. ఆ పద్దుల్లో మీ మున్సిపాలిటీ ఏ పనులు పెట్టిందో తీర్మానాల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి, ముప్పై రోజుల్లో చెప్పాలి. ఇంటి పన్ను సంగతి చూస్తే, 2021 నుంచి అద్దె విలువను వదిలి ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కడితే ఐదు శాతం రాయితీ ఉంది. మీ ముప్పై ఆరు ఇళ్ల వారూ ఏప్రిల్‌లోనే కట్టేసి, ఆ రసీదుల కట్టతో వెళ్లి మాట్లాడితే వినే తీరు మారుతుంది. ఇది నేను కుర్చీకి అవతల కూర్చొని గమనించిన సంగతి.

ఇక కుర్చీలో ఉన్నవారు చేయగలిగింది ఏమిటంటే, ముఖ్యంగా అజెండా. కౌన్సిల్ సమావేశానికి వచ్చే అజెండాలో ముప్పై నలభై అంశాలుంటాయి, ఆఖరు నిమిషంలో టేబుల్ అజెండా అని ఇంకో పది తెచ్చి పెడతారు. చదివేలోపు "ఆమోదం, ఆమోదం" అని బల్లలు చరుస్తారు. నా మొదటి ఏడాదిలో నేనూ చరిచాను. ఆ తరువాత ఒక పూడికతీత అంశం దగ్గర ఆగి చూస్తే, ట్రాక్టర్ల లెక్కన బిల్లు ఉంది గాని, తీసిన పూడికను ఎన్ని గంటల్లోగా ఎత్తివేయాలో ఒక్క ముక్క లేదు. నిజానికి మా వార్డులో జరిగిందీ అదే. కాలువలోది తీసి గట్టు మీద కుప్ప పోశారు, మూడో రోజు వాన పడింది, కుప్ప మళ్లీ కాలువలోకే జారింది. తీసినందుకు బిల్లు వచ్చింది. మళ్లీ తీసినందుకు మళ్లీ వచ్చేది. నలభై ఎనిమిది గంటల్లో ఎత్తకపోతే బిల్లు ఆపాలన్న ఒక్క వాక్యం ఆ తీర్మానంలో చేర్పించడానికి నాకు మూడు సమావేశాలు పట్టింది. అయిదేళ్లలో నేను చేసిన పనుల్లో నా వరకు పెద్దది అదే.

తమ్ముడూ, ఎమ్మెల్యే గారికి ఇవ్వవద్దని నేను అనను, నకలు ఇవ్వండి. కానీ పూడిక ఎత్తే గడువు మీద, వాల్వు వేళ మీద ప్రతి నెలా లేచి అడిగే తీరిక ఆయనకు ఉండదు. స్పెషల్ అధికారి పాలనలో చెత్త ఎత్తారన్నారు, నిజమే. ఎక్కడ ఎత్తలేదో మినిట్స్‌లో రాయించేవారు మాత్రం అప్పుడు ఉండరు. మన రెండు జిల్లాలకు పేర్లిచ్చిన వారినే చూడండి. టంగుటూరి ప్రకాశం పంతులు గారు పెద్ద పదవులకు రాకముందు రాజమండ్రిలో మున్సిపల్ చైర్మన్‌గా పని చేశారు. పొట్టి శ్రీరాములు గారు బొంబాయిలో చదివింది శానిటరీ ఇంజనీరింగ్. విగ్రహాలకు దండలు వేసే రోజున ఈ సంగతి ఎవరూ చెప్పరు.

పాత బజారు గురించి కాస్త కటువుగా అంటాను, ఏమనుకోవద్దు. రోడ్డు వెడల్పుతో బజారు బతుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. పది అడుగులు పోగొట్టుకున్న చిన్న కొట్టువాడికి నగదు బదులు టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకొనే హక్కునిచ్చే కాగితం) ఇస్తే, దానితో పైన అంతస్తు లేపుకొనే స్తోమత అతనికి ఉండదు, ఎవరికో అమ్ముకొని వెళ్లిపోతాడు. మిగిలేది వెడల్పాటి రోడ్డు, మూసిన షట్టర్లు. దానికి బదులు చేపల మార్కెట్టు కడిగిన నీరు కూరగాయల వైపు రాకుండా వేరే కాలువ, పైన జాలీ, రెండు మరుగుదొడ్లు, రాత్రి తొమ్మిదింటి దాకా దీపాలు అడగండి. తోపుడు బండ్ల వారిని వెళ్లగొట్టమని మాత్రం అడగవద్దు. బజారుకు జనాన్ని తెచ్చేది వారే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి ఊళ్లో పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలి. మీ ఊళ్లో ఆ కమిటీ కిందటిసారి ఎప్పుడు కూర్చుందో కనుక్కోండి.

ఏది ముందు అన్నదానికి నా సమాధానం: నీటి వేళ, ఆ తరువాత కాలువ. మీ మూడు పక్షాలకూ ఆ రెండింటి మీద తగవు ఉండదు. ఇన్‌స్పెక్టర్ గారి డ్రమ్ములు తగ్గేది, ఆర్పీ గారు చెప్పిన లేఅవుట్‌కు ట్రాక్టరు పోయేది, మీ మార్కెట్టులో చెప్పులు విప్పకుండా నడవగలిగేది వాటితోనే.


తిరుగు జవాబు: పాతబజారు వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆర్పీ గారి చివరి వాక్యానికి సమాధానం చెప్పుకోవలసి ఉంది: మా మొదటి రెండు సమావేశాల్లో ఆడవారు ఒక్కరూ లేరు, టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు. మూడో ఆదివారం పదమూడు మంది కూర్చున్నారు. పోట్లాట జరగలేదని అనను గాని, ఈసారి కాగితం మీద నాలుగు పంక్తులు పడ్డాయి. మొదటి పంక్తి వాల్వు వేళ గురించి. తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లు వదిలితే లేచి పట్టుకొనేది ఎవరో, అందువల్ల పగలు పనికి ఆలస్యమయ్యేది ఎవరో మా వీధిలో మగవాళ్లం ఇంతకాలం ఆలోచించలేదు.

టీడీఆర్ బాండ్ల మాట మాత్రం నాకు పూర్తిగా మింగుడు పడలేదు. రోడ్డు వెడల్పు కాకపోతే లారీ దిగుమతి ఎలాగని మా పక్క కొట్టువారు అడుగుతున్నారు. దిగుమతిని రాత్రి పదింటి తరువాతకు మార్చుకోవచ్చా అన్నది మేమే తేల్చుకోవాలి. గోడల మీది ఎర్ర గుర్తులు ఉంటాయో పోతాయో ఏదో ఒకటి చెప్పమని మూడో పంక్తిలో రాశాం.

ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన క్లోరిన్ లెక్క చూడడానికి, దాన్ని కొలిచే క్లోరోస్కోపు మా వార్డు సచివాలయం వారిని అడిగి ఒక పూటకు తెచ్చుకున్నాం. నీళ్లు వదిలిన అరగంటకు, ట్యాంకు దిగువనే ఉన్న మొదటి ఇంటి కుళాయి నీటిలో మందు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు వచ్చింది. మా వీధి చివరి ఇంట్లో, అదే సమయానికి, గొట్టంలో నీరు నీరులాగే ఉంది. రెండు గొట్టాలనూ పక్కపక్కన తెల్ల కాగితం మీద నిలబెట్టి ఫొటో తీశాం. మొదటి ఇంటికీ చివరి ఇంటికీ మధ్య పైపు మూడు చోట్ల కాలువలో నుంచి వెళ్తోంది. వాటిలో రెండింటిని పిల్లలు కర్రతో పొడిచి చూపించారు, మూడోది చేపల మార్కెట్టు వెనక కల్వర్టు కింద ఉంది. అక్కడ పూడిక తీయిస్తే తప్ప అతుకు కనిపించదు. వచ్చే సోమవారం ఆ ఫొటోతో, ఏప్రిల్‌లో కట్టిన రసీదులు ఎన్ని ఉంటే అన్నింటితో వెళ్తున్నాం. రసీదులు ప్రస్తుతానికి పంతొమ్మిదే దొరికాయి.